పైపులు మీరే వేసుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: మాది ఖమ్మంలో 1998లో కట్టిన ఇల్లు. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు తుప్పు పట్టి నీళ్లు సన్నగా వస్తున్నాయి. లైనంతా మార్చడానికి ప్లంబర్ 78,000 చెప్పాడు. సామాను 34,000, కూలి 26,000, గోడ చెక్కి మళ్లీ టైల్స్ వేయడానికి 18,000. కూలిలో మేడమీది లైనుకే 9,000. పనిముట్లు కొనుక్కుని అంతా నేనే చేద్దామనుకుంటున్నా, వాటికి 14,500 అవుతుంది. బ్యాంకులో 22,000, రెండు లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. ఎఫ్‌డీ 7 శాతానికి ఐదేళ్లకు వేశాను, మూడేళ్లయింది. నెలకు 8,000 మిగులుతుంది. 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా?

జవాబు: ముందు మీరు పంపిన పనిముట్ల జాబితా చూద్దాం. హ్యామర్ డ్రిల్లు 5,200, గ్రైండర్ 3,200, పీపీఆర్ రకం ప్లాస్టిక్ పైపుల్ని వేడిచేసి అతికించే మెషిన్ 4,000. ఈ మెషిన్ మీకెందుకండీ? మీ ఇంటికి కావాల్సింది సీపీవీసీ, యూపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు. వాటిని గమ్ముతో అతికిస్తారు, పీపీఆర్ మెషిన్‌తో వాటికి పనే లేదు. డ్రిల్లు, గ్రైండర్ కావాలంటే రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. ఈ మూడూ తీసేస్తే మిగిలేది 2,100. పైప్ కట్టర్, రెంచి, హ్యాక్సా, టేపు, టెఫ్లాన్ టేపు. అవి కొనండి, ఇంట్లో ఎప్పుడూ పనికొస్తాయి.

అయితే పనంతా మీరే చేయొద్దు. మేడమీది లైను చేయండి. అక్కడ జాయింటు కారితే కంటికి కనిపిస్తుంది, ఆ ముక్క కోసేసి కొత్త కప్లర్ (రెండు పైపుల్ని కలిపే ముక్క) వేస్తే సరి, పదుల రూపాయల్లో పోతుంది. గోడ లోపల కారితే మాత్రం నెల తర్వాత రంగు ఉబ్బినప్పుడే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ గోడ చెక్కాలి, అవే టైల్స్ దొరకవు, 18,000 ఖర్చు రెండోసారి. కాబట్టి గోడలోపలి లైను ప్లంబర్‌కే ఇవ్వండి. టైల్స్ వేయకముందే ప్రెజర్ టెస్టు (లైనులో ఒత్తిడి పెట్టి ఎక్కడైనా కారుతుందేమో చూడటం) చేసి చూపించాలని, ఆ తర్వాతే ఆఖరి వాయిదా ఇస్తానని ముందే చెప్పండి. ఇలా చేస్తే మీకు మిగిలేది 9,000లో 2,100 పోను 6,900. మొత్తం ఖర్చు 71,100.

సామాను దగ్గర బేరం ఆడండి గానీ రకం తగ్గించొద్దు. ఇది నేను చేసిన తప్పే. ఓసారి 600 రూపాయలు మిగులుతాయని మా గీజర్ లైనుకు తెల్లటి యూపీవీసీ వేయించాను. రెండు నెలలకు గీజర్ కింద పైపు మెత్తబడి వంగింది. ఓ రోజు తెల్లవారుజామున ఎల్బో (మలుపు దగ్గర వేసే ముక్క) ఊడి బాత్రూమంతా పొగలు. 600 కోసం 7,000 వదిలింది. యూపీవీసీ చన్నీళ్లకే. సీపీవీసీ 93 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది. వేడినీళ్ల లైనుకు ఐఎస్ 15778 ముద్ర ఉన్న సీపీవీసీ, అందులోనూ ఎస్‌డీఆర్ 11 అడగండి. ఎస్‌డీఆర్ అంటే పైపు బయటి వ్యాసాన్ని ఆ పైపు గోడ మందంతో భాగిస్తే వచ్చే అంకె. అంకె తగ్గేకొద్దీ పైపు మందం. షాపులో 13.5 చూపించి 'రెండూ ఒకటేనండీ' అంటే నమ్మకండి. మేడమీది చన్నీళ్ల లైనుకు యూపీవీసీ చాలు, ట్యాంకు దగ్గర ఒత్తిడి ఎలాగూ తక్కువే. కాకపోతే ఖమ్మం ఎండకు ఊరికే వదిలేయొద్దు, నీళ్లతో కలిపే రంగు ఒక కోటు వేయండి. ఆయిల్ పెయింట్ వద్దు.

గమ్ము కూడా దేనిది దానికే. డబ్బా మీద గడువు తేదీ చూడండి, చిక్కబడి తీగలు సాగుతుంటే పారేయండి. పైపు ఏటవాలు లేకుండా కోసి, అంచున లేచిన పొట్టు గీకి, పైపుకీ ఫిట్టింగు లోపలా పల్చగా రాసి, పావు చుట్టు తిప్పుతూ దూర్చి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఆ అర నిమిషం దగ్గరే కొత్తవాళ్లు తొందరపడతారు, పైపు మెల్లగా వెనక్కి జారుతుంది. 24 గంటలు ఆగాకే నీళ్లు వదలండి. పాత జీఐని కొత్త పైపుకి కలిపేచోట ఇత్తడి మరలున్న ఫిట్టింగే వాడండి.

ఇక డబ్బు. పర్సనల్ లోన్ వద్దు. 78,000 రెండేళ్లకు తీసుకుంటే వడ్డీయే సుమారు 11,900, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఎఫ్‌డీ కూడా తీయొద్దు, గడువుకు ముందు తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర నుంచి ఒక శాతం కోసేస్తాయి. ఆ ఎఫ్‌డీ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి, కావలసినంత వాడుకునే అప్పు) అడగండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది, అదీ వాడిన డబ్బుకే. 8 శాతం అనుకుని 71,000 తీసి నెలనెలా 8,000 కడితే పదో నెలలో తీరిపోతుంది, వడ్డీ 2,430 దాకా. అదే లెక్కన 14 శాతానికైతే 4,000 పైనే. మీ ఎఫ్‌డీ మాత్రం 7 శాతం సంపాదిస్తూనే ఉంటుంది, కాబట్టి పన్ను సంగతి పక్కన పెడితే మీ చేతి నుంచి నిజంగా పోయేది 300 రూపాయలు. ఆ 22,000 ముట్టుకోకండి, గోడ చెక్కాక ఇంకేం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఒక చిన్న మాట. తీసేసిన పాత జీఐ పైపుల్ని చాలాచోట్ల పనివాళ్లే పట్టుకుపోతారు. కిలోల లెక్కన అమ్ముడుపోయే ఇనుము అది. ఎవరికి చెందుతుందో పని మొదలయ్యే ముందే మాట్లాడుకోండి.