కడుపులో ఉన్న బిడ్డ కంటికి జీన్ థెరపీ చేయించవచ్చా?

మొదటి బిడ్డకు లెబర్స్ కంజెనిటల్ అమరోసిస్ (జన్యులోపం వల్ల పుట్టుకతోనే చూపు బాగా తక్కువగా ఉండే జబ్బు) అని, మీకిప్పుడు మూడో నెల అని, కడుపులో ఉండగానే కంటికి మంచి జన్యువును పంపే చికిత్స చెన్నైలో ఉందా అని అడిగారు. లేదు. మనుషులకు ఎక్కడా అది ఆమోదం పొందిన చికిత్స కాదు.

మా పాపదీ ఇదే జబ్బు. మా ఆయన నాకు మేనబావ. నాలుగు నెలలు దాటినా పాప ముఖం చూసి నవ్వేది కాదు, పిడికిళ్లతో కళ్లు నొక్కుకునేది. "కొందరికి చూపు ఆలస్యంగా వస్తుంది" అంటూ ఒక డాక్టరు ఎనిమిది నెలలు తిప్పారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

రెండోసారి నెల తప్పినప్పుడు నేనూ మీలాగే వెతికాను. 2004లో అమెరికాలో జీన్ బెనెట్ (పేరు కూడా జీనే!) అనే శాస్త్రవేత్త బృందం గర్భంలోని ఎలుక పిల్లల కంట్లోకి ఆర్‌పీఈ65 జన్యువును (ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువుల్లో ఇదొకటి) పంపి చూపు నిలిపింది. ఆ కాగితం పట్టుకుని చెన్నైలోని నుంగంబాక్కం వెళ్తే జెనెటిక్ కౌన్సిలర్ ఓపికగా చెప్పారు. ఎలుక పిల్ల కళ్లు మూసుకునే పుడుతుంది, దాని రెటీనా (కంటి లోపల వెలుగును పట్టే పొర) పుట్టాక కూడా తయారవుతూనే ఉంటుంది. మన బిడ్డకు ఆ పని చాలావరకు కడుపులోనే అయిపోతుంది. ఎలుకలో సూది వేసిన దశ మనకు తొలి నెలల్లోనే వస్తుంది. కన్ను మిల్లీమీటర్లలో ఉండే ఆ సమయానికి బిడ్డకు జబ్బు వచ్చిందో లేదో కూడా తేలదు. నా ఆశ అక్కడే ఆగిపోయింది.

పుట్టాక చేసే చికిత్స మాత్రం నిజంగానే ఉంది. 2017 డిసెంబరులో అమెరికా లక్స్‌టర్నా అనే జీన్ థెరపీ మందుకు అనుమతి ఇచ్చింది, అప్పటి ధర కంటికి 4,25,000 డాలర్లు. అయితే అది ఆర్‌పీఈ65 లోపానికే, అదీ రెటీనా కణాలు బతికి ఉంటేనే. మా పాపకు లోపం సీఈపీ290 అనే వేరే జన్యువులో. ఇలాంటి చికిత్సలో జన్యువును కంట్లోకి మోసే ఏఏవీ అనే వైరస్‌లో సుమారు 4,700 డీఎన్‌ఏ అక్షరాలే పడతాయి, ఈ జన్యువు కోడ్ ఒక్కటే 7,400 పైచిలుకు, కాబట్టి అందులో పట్టదు.

అందుకే ముందు పెద్దబిడ్డ రిపోర్టు తీయండి. లోపం ఏ జన్యువులో, ఏ చోట ఉందో తెలియకపోతే కడుపులోని బిడ్డకు పరీక్ష చేయలేరు. తెలిస్తే 11–13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు, ఆ గడువు దాటితే 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీస్తారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జబ్బు లేకుండా లోపమున్న కాపీ ఒకటి మోసేవాళ్లయితే) ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదులే అనే లెక్క చెల్లదు. మా బాబుకు లోపమున్న కాపీ ఒక్కటే వచ్చింది, చూపు బాగానే ఉంది.

మీకు రోజులు తక్కువ. రిపోర్టులో ఏ జన్యువు పేరు ఉందో ఈరోజే చూసి రాయండి.