ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో అండమాన్ పినాకిల్ దిగొచ్చా?

కావలి నుంచి అడిగారు: స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు ఓపెన్ వాటర్ అయింది, అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్తున్నాం, అక్కడ నీటి అడుగున ఉన్న రాతి శిఖరాలు, డిక్సన్స్ పినాకిల్, చేయొచ్చా అని.

ఇప్పుడే వద్దండీ. మీ సర్టిఫికెట్ హద్దు 18 మీటర్లు. అక్కడ రాతి కొనలే దాదాపు ఆ లోతులో మొదలవుతాయి, అడుగు 30 దాటుతుంది. హేవ్‌లాక్‌లోనే ముందు తర్వాతి కోర్సు అడ్వాన్స్‌డ్ చేయండి. మన తీరంలో సాధన కుదరదు. పెన్న తెచ్చే ఒండ్రుకి నీళ్లు మసకగా ఉంటాయి.

అడ్వాన్స్‌డ్ అయ్యాక కూడా అసలు సంగతి గాలి లెక్క. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి ఉందంటే 2200 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగింతలు కాబట్టి 80 లాగుతాడు. జోడీ డైవర్‌కి గాలి అయిపోతే ఇద్దరూ ఒకే సిలిండర్ మీద రావాలి. కంగారులో మనిషికి నిమిషానికి, పైన లెక్కన, 30 లీటర్లు వేసుకోండి. కింద సర్దుకోడానికి ఒక నిమిషం, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల స్టాప్, అన్నీ కలిపితే వెయ్యి లీటర్ల పైచిలుకు. అంటే 30 మీటర్ల లోతులో గేజ్ 100 చూపగానే పైకి బయల్దేరాలి. అక్కడ గడపడానికి మిగిలేది 14 నిమిషాల లోపే. చేతి డైవ్ కంప్యూటర్ నో-డెకో (దారిలో తప్పనిసరిగా ఆగకుండా పైకి రాగలిగే సమయం) ఇంకా ఉందంటుంది, దాన్ని చూసి ఉండిపోవద్దు. ముందే లోతుకి పోయి, రాయి చుట్టూ తిరుగుతూ పైకి రావడం మేలు.

రెండోది ప్రవాహం. మన రేవుల్లో వేటకెళ్లేవాళ్లకి తెలిసిందే, అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకట్రెండు రోజులు పోటుపాట్లు గట్టిగా ఉంటాయి, అష్టమి, నవమి తర్వాత మెత్తబడతాయి. తేదీ ఎంచుకునే వీలుంటే పంచాంగం చూసి ఎంచుకోండి. నీళ్లు గట్టిగా లాగుతుంటే బీసీడీ (గాలి నింపి తేలే జాకెట్) ఖాళీ చేసుకుని దూకి వెంటనే దిగాలి. పైన తేలుతూ మాస్క్ సర్దుకుంటే రాయి దాటి కొట్టుకుపోతారు. చెవులు నాలుగు మీటర్ల దగ్గర పట్టేస్తే ఆ డైవ్ వదిలేయండి, బలవంతం చేస్తే కర్ణభేరి చిరుగుతుంది. రాయి కనపడకపోతే లోతులో వెతకొద్దు, జోడీతో కలిసి పైకి రండి.

రాతి వెనక వైపు నీళ్లు కిందికి లాగడం కూడా ఉంటుంది. బుడగలు పైకి పోకుండా కిందికి దిగుతుంటే అదే. నిటారుగా పైకి తన్నుకుంటే అలసట తప్ప ఫలం లేదు. రాయికి దూరంగా అడ్డంగా ఈదండి, అవసరమైతే బీసీడీలో కొంచెం గాలి నింపండి. లాగుడు వదలగానే ఆ గాలి తీసేయాలి, లేదంటే బంతిలా పైకి లేచిపోతారు.

బరువులు ఖాళీ సిలిండర్‌కి సరిపోవాలి. అల్యూమినియం సిలిండర్ గాలి తగ్గేకొద్దీ తేలుతుంది. 50 బార్‌తో 5 మీటర్ల దగ్గర నిలవలేకపోతే బరువు చాలనట్టే. అక్కడే నారింజ రంగు మార్కర్ బాయ్ (మీరెక్కడున్నారో పడవకి చూపే గాలి గొట్టం) రీల్‌తో పైకి వదలండి. చుట్టూ ఒడ్డు లేదు, అలల్లో తల ఒక్కటే ఉంటే పడవవాడికి ఆనదు. దీన్ని తక్కువ లోతులో నాలుగైదు సార్లు అలవాటు చేసుకోనిదే పినాకిల్‌కి పోవద్దు.

పగడాన్ని పట్టుకోవద్దు. ఆధారం కావాలంటే చచ్చిన రాయి మీద రెండు వేళ్లు చాలు.

చివరి డైవ్‌కీ చెన్నై విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి. ఉదయం విమానమైతే ముందు రోజు మధ్యాహ్నం తర్వాత నీళ్లలోకి దిగొద్దు.