పెద్దవాళ్ళతో కాంకూన్ వెళ్తే చిచెన్ ఇట్జా కన్నా కోబా నయం

మీరడిగింది ఇదీ: డిసెంబరులో డాలస్ నుంచి మెక్సికోలోని కాంకూన్ వెళ్తున్నాం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారు, అడవిలో ఉన్న మాయా నాగరికత శిథిలాలు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేలా చూడాలంటే చిచెన్ ఇట్జాకే వెళ్ళాలా, ఇంకేదైనా ఉందా అని. మేం మా అత్తమామల్ని తీసుకెళ్ళి రెండూ చూశాం. నేనైతే అలాంటి ఇంకో పాత మాయా నగరం కోబాకే వెళ్ళమంటాను.

చిచెన్ ఇట్జా తక్కువదని కాదు, ఆ పిరమిడ్ ముందు నిలబడితే ఎవరైనా నోరు తెరవాల్సిందే. కానీ దాని చుట్టూ ఖాళీ మైదానం, పదకొండు దాటిందంటే నెత్తిన ఎండ, టూరు బస్సులన్నీ ఒకేసారి దిగుతాయి. మా మామగారు మోకాళ్ళ నొప్పితో ఒక చెట్టు కింద కూర్చుండిపోయారు, సగం చూడనే లేదు. కోబాలో అడవి అడవిలాగే ఉంది, దారంతా నీడే. గేటు నుంచి పెద్ద పిరమిడ్ దాకా సుమారు రెండు కిలోమీటర్లు నడవాలి, నడవలేని వాళ్ళకి లోపల మూడు చక్రాల సైకిళ్ళు దొరుకుతాయి, మన రిక్షాని తిరగేసినట్టు ముందు ఇద్దరు కూర్చుంటే వెనక నుంచి ఒకతను తొక్కుతాడు. మీరు మామూలు సైకిళ్ళు అద్దెకి తీసుకుని వాళ్ళ పక్కనే వెళ్ళొచ్చు.

అందరూ నోహోచ్ ముల్ అనే ఆ పిరమిడ్ కోసమే వస్తారు. 42 మీటర్లు, చిచెన్ ఇట్జాలో ఉన్న పిరమిడ్ కన్నా ఎత్తు. ఎక్కడం కోసమే మాత్రం వెళ్ళకండి, కోబాలో అసలు చూడాల్సింది కాళ్ళ కిందే ఉంది. మాయా వాళ్ళు ఇక్కడి నుంచి నలువైపులా రోడ్లు వేశారు, సక్‌బే అంటారు వాటిని. అడుగున పెద్ద రాళ్ళు పేర్చి, పైన తెల్లటి సున్నపు మట్టి పరిచి గట్టి చేసినవి. ఒకటైతే పడమరన ఉన్న యాషునా అనే ఊరిదాకా 100 కిలోమీటర్లు పోతుంది. వాళ్ళకి బండ్లు లేవు, ఎడ్లు లేవు, గుర్రాలు లేవు, రాళ్ళు మోసినవాళ్ళూ మనుషులే, ఆ రోడ్ల మీద నడిచినవాళ్ళూ మనుషులే. ఆ పొడవాటి రోడ్డుని 7వ శతాబ్దంలో కోబాని ఏలిన కావీల్ ఆహావ్ అనే రాణి వేయించి ఉంటుందని పరిశోధకుల అంచనా.

ఆ కాలం నాటి రాతి ఫలకాలు కోబాలోనే మకాన్‌షోక్ అనే కట్టడాల గుంపులో ఉన్నాయి. అటు వెళ్ళేవాళ్ళు తక్కువ, దయచేసి మీరు వెళ్ళండి. తాటాకు కప్పుల కింద నిలబెట్టి ఉంటాయి, వానకి బాగా అరిగిపోయాయి కాబట్టి మామూలుగా చూస్తే ఏమీ తెలియదు, గేటు దగ్గర గైడుని మాట్లాడుకోవడం దీనికోసమే. ఒకటో నంబరు ఫలకం మీద సృష్టి మొదలైన తేదీ చెక్కి ఉంది, మన లెక్కలో క్రీ.పూ. 3114. ఆ తేదీలో 13 అనే అంకె వరసగా ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉంటుంది, కాలాన్ని ఊహకందనంత వెనక్కి తీసుకెళ్ళారు. మహాయుగాలు, కల్పాల లెక్కలు వింటూ పెరిగిన మా అత్తయ్యకి గైడు చెప్పింది వెంటనే అర్థమైంది, ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ అతనికి నేను ఇంగ్లీషులో చెప్పలేక చెప్పాను. ఇంకో మాట, మాయా వాళ్ళు అంతరించిపోయారని పిల్లలకి చెప్పకండి. మా సైకిల్ తొక్కినతను పక్కవాళ్ళతో మాట్లాడింది మాయా భాషే, మెక్సికోలో ఇప్పటికీ 7 లక్షల మందికి పైగా యుకాటెక్ మాయా మాట్లాడతారు.

ఇక ప్రయాణం సంగతి. కాంకూన్ నుంచి టులుమ్ అనే ఊరు 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి లోపలికి కోబా ఇంకో 45. గేటు ఎనిమిదికి తెరుస్తారు, ఆ టైముకి అక్కడుంటే మంచిది. చలికాలంలో కాంకూన్ టైము డాలస్ కన్నా గంట ముందుంటుంది, అలారం పెట్టేటప్పుడు చూసుకోండి. టికెట్టు, సైకిళ్ళు, పార్కింగు అన్నీ విడివిడిగా కట్టాలి, పెసోలు నోట్ల రూపంలో దగ్గరుంచుకోండి. దోమల మందు తప్పనిసరి. మీవాళ్ళు శాకాహారులైతే అక్కడి బీన్స్‌లో పంది కొవ్వు వేసి వండుతుంటారు, ఆర్డరిచ్చే ముందే "సిన్ మాంతేకా" (స్పానిష్‌లో పంది కొవ్వు లేకుండా) అని చెప్పండి.

వీసా గురించి టెన్షన్ వద్దు, గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. పెద్దవాళ్ళది మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూడండి, మీ పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు కూడా ఇప్పుడే తీసి చూసుకోండి. అది అయిపోయి ఉంటే టికెట్లు కొనకముందే మెక్సికో వీసా సంగతి తేల్చుకోవాలి.