టోక్యో నుంచి ఒక్క రోజులో చూసి రాగల చిన్న ప్రైవేటు రైల్వే స్టేషన్ ఏది? ఇలాంటి లైన్లు ఎలా బతుకుతున్నాయి?

మీ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఒకటే: తొకావా.

చిబా ప్రిఫెక్చర్ తూర్పు కొసన సముద్రం ఒడ్డున చోషి అనే ఊరుంది. చేపల రేవుకీ, సోయా సాస్‌కీ పేరున్న ఊరు. అక్కడి చోషి ఎలక్ట్రిక్ రైల్వే ఒక ప్రైవేటు కంపెనీ. లైను మొత్తం 6.4 కిలోమీటర్లు, 10 స్టేషన్లు. ఆఖరి స్టేషనే తొకావా. టోక్యోలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆఫీసు టెన్షన్ ఎక్కువైనప్పుడల్లా నేను వెళ్ళింది అక్కడికే.

1923లో లైను మొదలైనప్పటి చెక్క కట్టడం అది. ఒకే ప్లాట్‌ఫారం. లోపల చెక్క బెంచీలు, టికెట్లిచ్చే చిన్న కిటికీ, పైన చేత్తో రాసిన చార్జీల బోర్డు. పట్టాలు స్టేషన్ దాటి కాస్త దూరం వెళ్ళి ఆగిపోతాయి. పక్క పట్టాల మీద, సర్వీసు అయిపోయిన 801 నంబరు పాత బండిని అలాగే ఉంచారు. రెండు పెట్టెల రైలు వచ్చి ఆగగానే డ్రైవరు దిగి అవతలి కొసకు నడుస్తాడు. అతను అక్కడికి చేరేలోపు దిగేవాళ్ళు దిగడం, ఎక్కేవాళ్ళు ఎక్కడం అయిపోతుంది. ఇంత చిన్న స్టేషన్లోనూ అన్నీ పద్ధతి ప్రకారం జరగడం చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

ఇక ఎందుకు మూసెయ్యలేదు అన్న సంగతి. ఊళ్ళో జనం తగ్గారు, టికెట్ల డబ్బుతో గడవదు. అందుకే కంపెనీ 1995లో నురె సెంబె అమ్మడం మొదలుపెట్టింది. బియ్యప్పిండి బిళ్ళల్ని కాల్చి, వేడి మీదే సోయా సాస్‌లో ముంచుతారు. అప్పడంలా కరకరలాడదు, మెత్తగా సాగుతుంది, ఉప్పు బాగా తగులుతుంది. 2006లో బండ్ల తనిఖీకి, మరమ్మతులకు డబ్బు చాలక, ‘రైలు నడవాలంటే మా నురె సెంబె కొనండి, రిపేరు ఖర్చు సంపాదించుకోవాలి’ అని కంపెనీ తన వెబ్‌సైటులోనే రాసింది. దేశం నలుమూలల నుంచీ ఆర్డర్లు వచ్చిపడ్డాయి. టికెట్ల కన్నా తినుబండారాల మీద వచ్చే రాబడే ఎక్కువ. ఆ ఆర్డర్లను దయతో ఇచ్చిన విరాళం అనుకోకండి. సరుకు బాగుంది కాబట్టే జనం మళ్ళీ మళ్ళీ కొంటున్నారు. స్టేషన్లకు ముద్దుపేర్లు పెట్టే హక్కును కూడా కంపెనీలకు అమ్ముతున్నారు. రైలు నిలబడాలని ఇంతలా తాపత్రయపడే సంస్థను నేను ఇంకోటి చూడలేదు.

వెళ్ళే దారి తేలికే. టోక్యో స్టేషన్లో షియోసాయి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల లోపే చోషి. ఈ లైనుకు అక్కడ వేరే స్టేషన్ ఉండదు, జేఆర్ (జపాన్ ప్రధాన రైల్వే సంస్థ) ప్లాట్‌ఫారం చివరిదాకా నడిస్తే బండి కనిపిస్తుంది. టోక్యో రైళ్ళలో తాకించి వాడే సూయికా కార్డు ఇందులో చెల్లదు, చిల్లర ఉంచుకోండి. వన్ డే పాస్ తీసుకుంటే మధ్యలో దిగొచ్చు. నకనొచో దగ్గర యమాసా ఫ్యాక్టరీ నుంచి సోయా సాస్ వాసన గుప్పుమంటుంది. ఇనుబో దగ్గర దిగితే 1874 నాటి లైట్‌హౌసు నడక దూరమే. నురె సెంబె అక్కడి స్టేషన్ దుకాణంలోనే కొనండి, శాకాహారులైతే ప్యాకెట్ వెనక ఉన్న పదార్థాల జాబితా ముందు చూసుకోండి.

తొకావాలో స్టేషన్ చూసేసి వెంటనే వెనక్కి రావద్దు. సందులన్నీ నిటారుగా కిందికి, చేపల రేవుకే దిగుతాయి. దిగడం హాయిగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు మాత్రం ఆయాసం వస్తుంది. బండ్లు గంటకొకటి చొప్పునే ఉంటాయి, కాబట్టి రేవుకు వెళ్ళే ముందే తిరుగు బండి టైము ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.