లక్క తీసేస్తేనే లెక్క

(చదువులు, ఉద్యోగాలు, వ్యాపారం గురించి పాఠకుల ప్రశ్నలకు, కడప జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి రిటైరైన అధికారిణి జవాబులు)

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. బి.కామ్ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న బంగారు పని చేస్తాడు. మేడ మీద చిన్న గది, అందులో కుంపటి, దాకలి, రెండు పీటలు. నా చిన్నప్పుడు ఆ గదిలో నలుగురు కూర్చునేవాళ్లు. ఇప్పుడు నాన్న, ఇంకో పెద్దాయన, అంతే. అంగళ్లవాళ్లు బంగారం తూకమేసి ఇస్తారు, నాన్న వస్తువు చేసిస్తాడు, గ్రాముకింత అని కూలి. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష రూపాయలు తాకిన రోజు మా వీధిలో కనీసం ఐదుగురు నన్ను ఆపి "మీకేం రా, ఇంట్లోనే బంగారం" అన్నారు. ఇంటికి పోతే నాన్న పటకార్లకు నూనె పూస్తా కూర్చోనున్నాడు. వారం నుంచి పని రాలేదంట. ధర పెరిగితే మాకు పని తగ్గడమేంది మేడం? క్లాసులో చెప్పిన డిమాండ్, సప్లై పాఠంలో దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఐసెట్ రాసి ఎంబీఏ చెయ్యమని మామ, బెంగళూరులో ఉద్యోగానికి పోదాం రమ్మని స్నేహితులు, తెలిసిన అంగట్లో లెక్కలు రాయమని అమ్మ. నాన్న ఏమీ అనడు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది. పేరు వెయ్యొద్దు.

జవాబు: నాయనా, నీ ఉత్తరంలో పటకార్లకు నూనె పూయడం దగ్గర కాసేపు ఆగిపోయాను. పనిలేని పనివాడు ఖాళీగా కూర్చోలేడు మరి.

ముందు ధర సంగతి చూద్దాం. ఒక కాగితం తీసుకో. అంగట్లో మజూరీ, తరుగు కలిపి నూటికి 12 తీసుకుంటున్నారనుకుందాం. ఇది ఉదాహరణకే, అంగడిని బట్టీ వస్తువును బట్టీ మారుతుంది. పది గ్రాములు 50,000 ఉన్నప్పుడు ఆ పన్నెండు శాతం 6,000 రూపాయలు. లక్ష అయితే 12,000. కుంపట్లో బొగ్గు అదే, మీ నాన్న ఊదిన గొట్టమూ అదే, పట్టిన పొద్దూ అంతే. శాతంలో తీసుకునేవాడికి రెట్టింపు అయింది. గ్రాముకింత అని రూపాయల్లో తీసుకునే మీ నాన్నకు ఒక్క రూపాయి పెరగలేదు.

అట్లాగని అంగడాయన మేడలు కట్టేస్తున్నాడనుకోవద్దు. నిన్నటిదాకా అరకిలో సరుకు 25 లక్షలతో గాజుపెట్టెలో ఉండేది, ఇప్పుడు అదే అరకిలోకు 50 లక్షలు కావాలి. అమ్ముడుపోయిన హారం స్థానంలో ఇంకో హారం పెట్టాలంటే కొత్త ధరకే కొనాలి. పెళ్లికి ఐదు తులాలు పెట్టేవాళ్లు మూడుతో సరిపెట్టుకుంటారు. కొందరు పాతవి ఇచ్చి మార్చుకుంటారు. ఇంకొందరు "కాస్త తగ్గనీలే" అని వాయిదా వేస్తారు. ఇన్ని విధాల అంగట్లో గ్రాములు తగ్గితే, మీ మేడ మెట్లెక్కే గ్రాములూ తగ్గుతాయి. మీ నాన్న అమ్మేది బంగారం కాదు, పని. పెట్రోలు మండిపోతే కార్ల బేరం పడిపోయినట్టే ఇదీ. మీ పాఠంలో ఒకదాని వెంట ఒకటి పోయే సరుకుల గురించి ఒక పేజీ ఉంటుంది చూడు, అక్కడ పెట్టుకో.

ధర ఎందుకు ఎక్కిందంటే మన చేతిలో లేని కారణాలు. 2022 నుంచి వరసగా మూడేళ్లు ప్రపంచంలోని కేంద్ర బ్యాంకులన్నీ కలిసి ఏడాదికి వెయ్యి టన్నులకు పైనే కొన్నాయి. 2025లో అమెరికా సుంకాల భయం తోడైంది. 2024 జులై బడ్జెట్లో దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6కు దించితే కొన్నాళ్లు అంగళ్లు కిటకిటలాడాయి, ఆ తగ్గుదలను తర్వాతి పెరుగుదల మింగేసింది.

ఇక నీ సంగతి. దానికి ముందు నా కథ ఒకటి వినాలి.

నేను 1984లో మీ ఊళ్లోనే ఒక బ్యాంకులో గుమాస్తాగా చేరాను. బంగారం అప్పుల కౌంటరు ఇచ్చారు. జూన్ నెల, విత్తనాలకు లెక్క కావాల్సిన కాలం. (పక్క జిల్లాల వాళ్ల కోసం చెబుతున్నా, మా కడపలో డబ్బును లెక్క అంటాం. "లెక్క ఇచ్చినాడా" అంటే పద్దు చూపించాడా అని కాదు, డబ్బు చేతికొచ్చిందా అని.) ఒకామె గుండ్ల దండ తెచ్చింది. తూకం 42 గ్రాములు. నేను రిజిస్టర్లో చక్కగా 42 రాసేశాను. మా అప్రైజరు, అంటే నగ చూసి విలువ కట్టే పెద్దాయన, దండను అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేసి, ఒక గుండును గోటితో నొక్కి, "లోపల లక్కుంది మా. పదకొండు గ్రాములు తీసెయ్" అన్నాడు. ఎట్లా తెలిసిందన్నాను. "గీటురాయి మేలిమి చెబుతుంది గానీ ఎంతుందో చెప్పదు. ఇట్లాంటివి నా చేత్తో చేసినోణ్ని" అన్నాడు.

ఆయన కుర్రాడిగా ఉండగా, 1963 జనవరిలో, కేంద్రం బంగారం కంట్రోలు పెట్టి 14 క్యారెట్లకు మించిన నగలు కొత్తగా చెయ్యకూడదంది. ఆ నాణ్యం నగ మన ఆడవాళ్లు ఎవరు వేసుకుంటారు? కుంపట్లు ఆరిపోయాయి. తర్వాత సడలించారు గానీ, కంట్రోలు చట్టం పూర్తిగా పోవడానికి 1990 దాకా పట్టింది. ఈయన అక్కడా ఇక్కడా తిరిగి చివరికి బ్యాంకు గుమ్మం దగ్గర గీటురాయి, యాసిడ్ సీసా పెట్టుకుని కూర్చున్నాడు. చేత్తో చేసే పని పోయినా చేతికి తెలిసింది పోలేదు. రిటైరయ్యే దాకా మా మేనేజర్లందరూ ఆయన్ను అడగందే సంతకం పెట్టలేదు.

నీ ముందున్న మూడు దండల్లోనూ లక్క ఉంది. ఎంబీఏకు ఫీజు వెనక్కి వస్తుందని మామ చెప్పుంటాడు. రెండేళ్ల హాస్టలు, తిండి, ఆ రెండేళ్లలో రాని జీతం ఆయన తూకంలో వెయ్యలేదు. బెంగళూరు స్నేహితులు జీతం చెబుతారు, గది అద్దె, అడ్వాన్సు, బస్సు పోగా నెలాఖరుకు మిగిలేది చెప్పరు. అమ్మ చెప్పిన అంగట్లో, తెలిసినవాళ్లు కదా అని జీతం మాట్లాడుకోకపోవడమే లక్క. మాట్లాడుకో. నెలకు ఎంత, సెలవు ఎప్పుడు అని ముందే, మొహమాటం లేకుండా.

నా మటుకు అమ్మ మాటకే ఓటు, కాకపోతే ఆవిడ చెప్పిన కారణానికి కాదు. బంగారం వ్యాపారం ఈ నాలుగైదేళ్లలో కాగితాల వ్యాపారమైపోయింది. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ వచ్చారు, 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగల మీద హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య, లేకుండా అమ్మకూడదు. మూడు శాతం జీఎస్టీ. రెండు లక్షలు దాటితే పాన్ నంబరు, అంత మొత్తం నగదుగా తీసుకోకూడదు. ఏడాదికి ఐదు కోట్ల వ్యాపారం దాటితే ఇంకో వ్యాపారికి అమ్మినప్పుడు ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు. పెద్దవాళ్లకు బంగారం తెలుసు, ఇవి తెలియవు. ఆడిటరు ఆఫీసు పిల్లలకు ఇవి తెలుసు, చేతిలో ఉన్నది 22 క్యారెట్లో 18 క్యారెట్లో తెలియదు. రెండూ తెలిసినవాడు మీ వీధిలో ఎందరున్నారో లెక్కబెట్టి నాకు రాయి.

ఇంకో పని కూడా చెయ్యి. ఒక నోటుబుక్కు పెట్టి ఆరు నెలలు మీ నాన్న పని రాయి. ఏ అంగడి, ఏ వస్తువు, ఎన్ని గ్రాములు, ఎన్ని రోజులు, కూలి ఎంత, ఎన్నాళ్లు ఖాళీ. మెషీన్ గొలుసులతో ఆయన పోటీ పడలేడు, ఆ పని పోయినట్టే రాసుకో. మరమ్మతులు, పాత నగ మోడల్ చూసి చెయ్యడం, రాళ్లు పొదగడం మెషీన్‌కు చిక్కని పనులు. నోటుబుక్కులో ఏ పేజీ నిండుతుందో చూస్తే, కూలి ఎక్కడ పెంచి అడగాలో తెలుస్తుంది. కూలిని రూపాయల్లో కాకుండా శాతంలో అడగొచ్చేమో కూడా చూడండి. అంగడాయన వెంటనే ఒప్పుకోడు. అడగడానికి మాత్రం అంకెలు చేతిలో ఉండాలి.

గీటురాయి మీ నాన్న దగ్గర నేర్చుకో. బంగారం అప్పులు పెరుగుతున్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల్లో రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో నూటికి 85 దాకా ఇవ్వొచ్చు, ఇంతకు ముందు అది 75. విలువ కట్టడంలో పొరపాటుకు జాగా అంత తగ్గింది. డిగ్రీ ఉండి, గీత చూసి మేలిమి చెప్పగలిగిన అప్రైజరుకు ఏ బ్రాంచిలోనైనా కుర్చీ వేస్తారు.

నాన్న ఏమీ అనడన్నావు. రేపు సాయంత్రం ఆయన పక్క పీట మీద కూర్చుని రాయి ఎట్లా పట్టుకోవాలో చూపించమను. మాటలు వాటంతటవే వస్తాయి. ఎంబీఏ రెండేళ్ల తర్వాత కూడా ఉంటుంది.

ప్రశ్న: కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. రూములో ముగ్గురం ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని గడువు పెట్టి వేసే పందెం లాంటిది) చేస్తాం. మొదటి నెల 6,000 లాభం వచ్చింది. తర్వాత శనగలు అమ్మిన లెక్కలో నాన్న ఫీజుకని పంపిన 40,000 పోయింది. ఇంకో 20,000 పెడితే పోయింది రాబట్టుకోవచ్చని టెలిగ్రామ్ గ్రూపులో అంటున్నారు. పెట్టొచ్చా? ఇది కెరీరుగా తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. వద్దు.

షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల పైనే. వచ్చిన లాభాల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ ప్రోగ్రాములతో ఆడే పెద్ద సంస్థలకు పోయింది. వాళ్ల యంత్రం ఎదురుగా నువ్వు హాస్టల్ మంచం మీద ఫోను పట్టుకుని కూర్చున్నావు. ఆ మొదటి నెల 6,000 రాకపోయుంటే నీకు ఈ 40,000 మిగిలేది.

ఆ టెలిగ్రామ్ గ్రూపులోంచి ఈ రాత్రే బయటికి రా. ఆదివారం ఊరికి పోయి నాన్నకు చెప్పు. తిడతాడు. తిట్టించుకో. ఫీజు గడువు దాటకముందే కాలేజీలో వాయిదాలు అడగొచ్చు, దాటాక అడిగితే వినరు. షేర్లు నేర్చుకోవాలనుంటే సంపాదించడం మొదలయ్యాక నీ లెక్కతో, నెలకు ఐదొందలతో మొదలుపెట్టు. శనగల లెక్కతో కాదు.

ప్రశ్న: మేడం, మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. 2007లో పుట్టాను. మెటలర్జీ డిప్లొమా చివరి ఏడాది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుంది, ఊరు దాటకుండా ఉద్యోగమని నాన్న ఈ కోర్సులో చేర్పించాడు. పునాదిరాయి వేసే రోజు నన్ను ఎత్తుకుని పోయినాడంట. నేను చంకలో ఉన్నప్పటి ఫ్యాక్టరీ ఇంకా రాలేదు. బయటికి పోతానంటే "ఇంకొక్క ఏడాది చూద్దాం" అంటాడు. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మాయ్, మీ నాన్న పిచ్చి ఆశ పెట్టుకున్నాడని నేనైతే అనను. ఒకటి కాదు, అన్ని పునాదిరాళ్లు కళ్లెదురుగా వేస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. 2007లో బ్రహ్మణి స్టీల్స్‌కు. 2014 విభజన చట్టంలో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా ఆరు నెలల్లో పరిశీలించాలని ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు రాశారు. 2018 డిసెంబర్‌లో కంబాలదిన్నె దగ్గర శంకుస్థాపన. 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్లపల్లె దగ్గర ఇంకొకటి. 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూ అనే ప్రైవేటు ఉక్కు కంపెనీ పేరుతో అక్కడే భూమిపూజ. ప్రభుత్వాలు మారాయి, పలుగు పట్టిన చేతులు మారాయి. మీ ఇంట్లో పాప మాత్రం డిప్లొమాకొచ్చింది.

ఒక ఫ్యాక్టరీ నిజంగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి మా బ్యాంకులో ఒక మోటు పద్ధతి ఉండేది. రాయి చూడొద్దు, రైలు పట్టా చూడు, నీళ్ల పైపు చూడు. టన్ను ఉక్కుకు సుమారు టన్నున్నర ఇనుప ఖనిజం, ముప్పావు టన్నుకు పైగా బొగ్గు కావాలి. అన్నేసి టన్నులు లారీల మీద రోజూ తోలలేరు. పట్టా పడే దాకా నువ్వు ఆగాల్సిన పనిలేదు.

ఇంతకీ ఉక్కు ఫ్యాక్టరీ అంటూ మీ పక్కనే ఒకటి ఉంది. తాడిపత్రిలో అర్జాస్ స్టీల్. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి అలాయ్ స్టీల్ దాకా అక్కడే చేస్తారు. జిల్లా పేరు వేరు కాబట్టి మీ నాన్న లెక్కలోకి రాలేదేమో. బళ్లారి వైపు తోరణగల్లులో దేశంలోని పెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటుంది. నువ్వు నేర్చుకున్న కాఠిన్యం పరీక్ష, నమూనా పాలిష్ చేసి మైక్రోస్కోపులో చూడటం ఫౌండ్రీల్లోనూ పనికొస్తాయి. అప్రెంటిస్‌షిప్ కోసం కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో ఇప్పుడే పేరు నమోదు చేసుకో, సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా ఆగొద్దు.

నాన్నతో వాదనకు దిగొద్దు. ఒకరోజు ఆయన్నే వెంటబెట్టుకుని తాడిపత్రి బస్సెక్కు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఏదో ఒక టీకొట్టు ఉంటుంది. షిఫ్టు మారే వేళకు ఇద్దరూ అక్కడ కూర్చుని, హెల్మెట్లు చేతబట్టుకుని బయటికొచ్చే వాళ్లను చూడండి. మీ వైపు యాసలో మాట్లాడేవాళ్లు కనబడితే ఏ ఊరని ఆయన్నే అడగమను.