కాంచనాబురి పోయే ముందు

పాపా,

వచ్చే నెల థాయిలాండ్ పోతున్నావని, అందులోనూ కాంచనాబురి చూడడానికే పోతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వేయించిన, మీ తాత పనిచేసిన ఆ సయాం (ఇప్పటి థాయిలాండ్) రైలు దారి చూడాలని మన ఇంట్లో ఒక్కరికైనా అనిపించిందని సంతోషం. ఒక్కదానివే పోతున్నావని టెన్షన్.

ముందు నీళ్ళ సంగతి. సీలు తీయని బాటిల్ నీళ్ళే తాగు. ఐసు వేసిన జ్యూసు ముట్టుకోవద్దు. 1943 వానల్లో ఆ రైలు పనిలో కలరా సోకి కూలీలు గుంపులు గుంపులుగా పోయారు. మా నాయన చిత్తూరుకు తిరిగొచ్చాక కూడా కడదాకా కాచిన నీళ్ళే తాగాడు. ఆయన భయమే నాకూ వచ్చింది, ఇంకా వదల్లేదు.

పాస్‌పోర్టు జిరాక్సులు రెండు పెట్టుకో. చెనిక్కాయల పొడి నేను దంచి పంపిస్తా. బ్యాంకాక్‌లో తొన్‌బురి స్టేషన్ నుంచి రైల్లోనే పో, బస్సు వద్దు. కొండ అంచున చెక్క వంతెన మీద బండి మెల్లగా పోతుంది. అక్కడ తలుపు దగ్గర నిలబడి సెల్ఫీ తీశావని తెలిస్తే ఊరుకోను.

2009లో నేను పోయినప్పుడు టూరు వాళ్ళు నది మీది ఇనుప వంతెన దగ్గర గంట, సమాధుల దగ్గర పది నిమిషాలు ఇచ్చారు. ఆ వంతెన మీద ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వే’ అనే ఇంగ్లీషు సినిమా వచ్చాక జనం క్వే నది ఏదని అడుగుతూ వస్తుంటే, 1960లో ఆ నది పేరే మార్చేశారు. అంతకుముందు అది మే క్లాంగ్. సమాధుల తోటలో బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ యుద్ధ ఖైదీలు దాదాపు 7,000 మంది. ఒక్కొక్కరికి ఒక పలక, పేరు, పక్కన పూల మొక్క. ఇరవై రెండేళ్ళు, ఇరవై నాలుగేళ్ళు అని చదువుతుంటే గొంతు పట్టేసింది. ఆ గౌరవం వాళ్ళకు దక్కాల్సిందే. అయితే 415 కిలోమీటర్ల ఆ లైను వేయడంలో ఖైదీలు 12,000 మందికి పైగా పోతే, మలయా, బర్మా, జావా నుంచి తోలుకుపోయిన కూలీలు 90,000 దాకా పోయారని అంచనా. వాళ్ళలో మన తమిళులు, తెలుగువాళ్ళు ఎందరో. వాళ్ళ పేర్లతో పలకల్లేవు.

మన ఇంట్లో ఒక పలక ఉండేది పాపా. దాన్ని పోగొట్టింది నేను.

మా నాయన సయాం నుంచి తెచ్చుకున్న సత్తు పళ్ళెం అది. అంచంతా సొట్టలు. వెనకవైపు మేకుతో గీసిన మూడు పేర్లు, తెలుగులో, వంకరటింకరగా. ఆయనతో ఒకే ఎస్టేటు నుంచి పోయి తిరిగి రాని ముగ్గురివి. రోజూ అందులోనే తినేవాడు. తోమేది కూడా ఆయనే. లోపల బూడిదతో రుద్ది, వెనకవైపు ఉత్త నీళ్ళతో కడిగేవాడు, అక్షరాలు అరిగిపోతాయని. 1974లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. స్కూలుకు స్టీలు క్యారియర్ తీసుకుపోవాలని ఒకటే ఆశ. పాత సామాన్లకు స్టీలు ఇచ్చేవాడు వీధిలోకి వచ్చాడు. రెండు ఇత్తడి చెంబులు ఇస్తే చాలవన్నాడు. ఈ పళ్ళెం కూడా వేశాను.

మధ్యాహ్నం నాయన వచ్చి పీట మీద కూర్చుని గూటి వైపు చూశాడు. నేను కొత్త క్యారియర్ చూపించాను. ఆయన ఒక్క మాట అనలేదు. లేచి వీధి చివరిదాకా పోయి, కాసేపు నిలబడి వచ్చాడు. ఆ రోజు మొదలు చనిపోయేదాకా ఏడేళ్ళు విస్తరాకులోనే తిన్నాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. రోజూ కళ్ళముందున్న పేర్లు నేను ఒక్కసారి కూడా శ్రద్ధగా చదవలేదు. ఒకటి ‘ము’తో మొదలయ్యేది. అంతే గుర్తు.

అందుకని వంతెన దగ్గర ఎక్కువసేపు ఉండొద్దు. రైలు కోసం కొండను తొలిచిన హెల్‌ఫైర్ పాస్ అనే చోట రాతి మీద ఉలి గాట్లు ఇంకా ఉన్నాయి, వాటి మీద చెయ్యి పెట్టి చూడు. సమాధుల తోట దగ్గర్లోనే వాట్ తావోర్న్ అనే గుడి ఉంది. అక్కడ తమిళ కూలీల కోసం ఈమధ్యే నడుకల్ నిలబెట్టారు. అంటే మన పలమనేరు వైపు పొలాల్లో ఉండే వీరగల్లు లాంటిదే. మనవాళ్ళు వీరగల్లుకు పసుపు పూసి దండం పెడతారు గానీ, ఆ వీరుడెవరో చాలా ఊళ్ళలో ఎవరికీ తెలీదు.

పోయే ముందు ఒక రాత్రి మీ నాయన దగ్గర కూర్చో. చిన్నప్పుడు వాడు ఆ పళ్ళెం తిరగేసి, ఆ గీతల మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ పేర్లు వాడికి గుర్తున్నాయనే నా అనుమానం. నేను ఎప్పుడడిగినా లేదంటాడు, నేను బాధపడతానని. నువ్వడిగితే చెబుతాడు. కాగితం మీద రాసుకుని పో. ఆ రాయి ముందు గట్టిగా చదువు. తర్వాత ఫోన్ చేసి నాకూ ఒకసారి చదివి వినిపించు.

దిగగానే మెసేజ్ పెట్టు. నీళ్ళు జాగ్రత్త.

మీ అత్త,
చిత్తూరు