తాతగారి కాగితాలు ఢిల్లీలో దొరుకుతాయా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మా తాతగారు పాతపట్నం దగ్గర ఒక ఊళ్లో కరణం. ఆ ఊరు అప్పట్లో పర్లాకిమిడి ఎస్టేట్‌లోది. ఆయన చేతిరాత ఉన్న కాగితం ఒక్కటైనా చూడాలని మా అమ్మ కోరిక. పాత రికార్డులన్నీ ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనే ఉంటాయి, సెలవుల్లో వెళ్దాం, టికెట్లు తీసేస్తానంటున్నాడు మా తమ్ముడు. వెళ్లమంటారా? అసలు ఆ ఆఫీసు ఎప్పటిది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తమ్ముణ్ణి కాస్త ఆగమనండమ్మా. గంజాం జిల్లా రెవెన్యూ రికార్డు రూమ్‌లో నా ఉద్యోగమంతా ఒకే ప్రశ్న అడుగుతూ గడిచింది: ఈ కాగితం ఏ ఆఫీసు రాసింది? అది తెలిస్తే, ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే.

ఢిల్లీలో ఉన్నవి ముఖ్యంగా భారత ప్రభుత్వం రాసుకున్న కాగితాలు. ఈస్టిండియా కంపెనీ రోజుల నుంచి అవి కలకత్తాలో, ఏ శాఖవి ఆ శాఖ గదుల్లోనే కుక్కి ఉండేవి. 1860లో శాండిమన్ అనే ఆడిటర్, పనికిరానివి తీసేసి విలువైనవన్నీ ఒక పెద్ద కేంద్ర భాండాగారానికి పంపమని రాశాడు. రాసినంత తేలిగ్గా జరగలేదది. 1889లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ ప్రొఫెసర్ జి.డబ్ల్యు. ఫారెస్ట్‌ను విదేశాంగ శాఖ రికార్డులు పరిశీలించమన్నారు. ఆయన కూడా కంపెనీ రికార్డులన్నీ ఒకే చోటికి చేర్చాలని గట్టిగా చెప్పాడు. అలా 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. దాని మొదటి అధికారి కూడా ఫారెస్టే.

1911లో రాజధాని ఢిల్లీకి మారుతుందని ప్రకటించారు. కొత్త నగరంలో రికార్డులకు వాస్తుశిల్పి లుట్యెన్స్ గీసిన భవనం 1926లో పూర్తయింది. ఇప్పుడు కర్తవ్య పథ్ అంటున్న దారి, జనపథ్ కలిసే చోట వరుస స్తంభాలతో కనిపించేది అదే. ఆ కూడలిలో అలాంటివి నాలుగు కట్టాలని ఆయన ప్లాను. కట్టింది ఈ ఒక్కటే. నాలుగింటిలో దక్కిన ఆ ఒక్కటి రికార్డులదే కావడం నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. భవనం లేచాక కూడా కలకత్తా నుంచి కట్టలన్నీ వచ్చేసరికి 1937 అయింది. 1939లో చరిత్రకారుడు సురేంద్రనాథ్ సేన్ బాధ్యత తీసుకున్నాకే పరిశోధకులకు తలుపులు సరిగ్గా తెరుచుకున్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా అన్న పేరు 1947లో వచ్చింది.

ఇక మీ తాతగారి సంగతి. ఒక ఊరి కరణం రాసిన లెక్క వైస్రాయ్ ఆఫీసు దాకా ఎందుకు వెళ్తుంది చెప్పండి? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా, పర్లాకిమిడి ఎస్టేట్ ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. కాబట్టి అప్పటి కలెక్టరు, రెవెన్యూ బోర్డుల పాత రికార్డులకు పెద్ద దిక్కు చెన్నై ఎగ్మోర్. 1909లో మద్రాసు రికార్డ్ ఆఫీసుగా మొదలైన అదే ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్. గంజాం జిల్లా రికార్డులకు 1774 నుంచి 1835 దాకా గైడు కూడా అచ్చువేశారు.

1936లో పర్లాకిమిడి పట్నం ఒరిస్సాకు వచ్చింది. మహేంద్రతనయ అవతలి ఒడ్డున పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఒకే ఎస్టేటు, మధ్యలో సరిహద్దు. అవతలి ఊళ్లు అప్పుడు విశాఖపట్నం జిల్లాలో చేరాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్లాయి. జమీందారీ రద్దు కూడా రెండు చట్టాల కింద జరిగింది: మీ తాతగారి ఊరి వైపు మద్రాసు 1948 చట్టం, మీ ఇంటి వైపు ఒరిస్సా 1951 చట్టం. మీరు పర్లాకిమిడిలో ఉంటున్నారు కదాని భువనేశ్వర్ స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతికితే, ఆ ఊరి కాగితాలు దొరికే అవకాశం తక్కువ.

అందుకని ముందు పాతపట్నం తహసీల్దారు ఆఫీసు, తర్వాత శ్రీకాకుళం కలెక్టరేట్, ఆ తర్వాత విశాఖ. 1936కు ముందువైతే ఎగ్మోర్. ఇనాం భూమి ఏదైనా ఉంటే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ (ఇనాం భూములు ఎవరివో తేల్చి రాసిన పాత రిజిస్టరు) ఉందేమో తప్పకుండా అడగండి. ఊరి పేరు, తాలూకా పేరు ఏ ఏడాదికి ఆ ఏడాది ఎలా ఉండేవో రాసుకుని వెళ్లండి. అది లేకుండా వెళ్తే ఏ గుమాస్తా ఏ కట్టా విప్పలేడు.

ఢిల్లీకి వెళ్లొద్దని కాదు. అసలు ఈ సరిహద్దు ఎందుకు గీశారు, ఎవరేం వాదించారు అని మీ తమ్ముడికి ఆసక్తి ఉంటే, ఒరిస్సా ఏర్పాటు మీద భారత ప్రభుత్వం నడిపిన ఫైళ్ల కోసం వెళ్లాల్సింది అక్కడికే. మన ప్రాంతంలో ప్రతి తెలుగు, ఒడియా కుటుంబాన్నీ తాకిన నిర్ణయం అది. మన పిల్లలు వెళ్లి చదవాలని నా కోరిక.

ప్రశ్న: మా ఇంట్లో జమీందారీ రోజుల పట్టా ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించమంటారా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: వద్దు బాబూ, దయచేసి వద్దు. ఆ షాపులో వేడి చేసి అంటించే ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, బలవంతంగా లాగితే సిరా, కాగితం దానితోనే వస్తాయి. సెల్లోటేపూ అంతే. కొన్నాళ్లకు జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది.

ఉద్యోగంలో ఉండగా నేషనల్ ఆర్కైవ్స్‌లో చిన్న ట్రైనింగ్‌కు వెళ్లాను. అక్కడే రూపుదిద్దుకున్న పద్ధతి ఒకటి నేర్పారు. ముందు సిరా కరుగుతుందేమో ఒక మూల చూస్తారు, కాగితంలోని ఆమ్లం తీసేస్తారు. తర్వాత బల్ల మీద పల్చటి టిష్యూ, దానిపై సెల్యులోజ్ అసిటేట్ అనే పారదర్శకమైన పల్చటి పొర, ఆపైన పెళుసెక్కిన కాగితం, మళ్లీ పొర, మళ్లీ టిష్యూ. అసిటోన్‌లో ముంచిన దూది ఉండతో మధ్య నుంచి అంచులకు అద్దుకుంటూ పోతారు. పొర కరిగి టిష్యూను, కాగితాన్ని కలిపి పట్టుకుంటుంది. యంత్రం లేదు, వేడి లేదు. అక్షరం టిష్యూలోంచి చక్కగా కనిపిస్తుంది. రేపు అవసరమైతే అసిటోన్‌తోనే విప్పొచ్చు. మా సార్ చెయ్యి ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నొక్కలేదు. నాకు అలా కుదరడానికి చాలా రోజులు పట్టింది.

ఇది ఇంట్లో చేసే పని కాదు. మీరు చేయగలిగింది ఇంతే: మడత విప్పి పరచండి, పిన్నులుంటే నెమ్మదిగా తీయండి, రెండు వైపులా ఫొటో తీయండి, శుభ్రమైన తెల్లకాగితాల మధ్య పెట్టి తడి తగలని చోట ఉంచండి. ట్రంకుపెట్టెలో అడుగున మాత్రం వద్దు, మన వానాకాలం సంగతి తెలుసు కదా.

ప్రశ్న: మేం ప్రొఫెసర్లం కాదు, మామూలు మనుషులం. ఢిల్లీ ఆర్కైవ్స్‌లోకి రానిస్తారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రానిస్తారు. గుర్తింపు కార్డు చూపించి ఫారం నింపాలి. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం, శాశ్వతంగా ఉంచాల్సిన కేంద్ర ప్రభుత్వ రికార్డులు 25 ఏళ్లు దాటితే అక్కడికి చేరాలి. అవి దాస్తున్నది మనకోసమే. బయల్దేరే ముందు వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతకండి. పాత స్పెల్లింగులతో కూడా కొట్టి చూడండి: విజగపటం (విశాఖపట్నం), పర్లాకిమెడి, చికాకోల్ (శ్రీకాకుళం). ఫైలు నంబరు, శాఖ, సంవత్సరం రాసుకుని వెళ్తే మొదటి రోజే పని మొదలవుతుంది.